ఐసుగడ్డలు అమ్మిన ఫ్రెడరిక్ ట్యూడర్ జీవిత చరిత్ర



మన గోడపత్రికలో ప్రతిసారీ ఒక గొప్పవారి జీవితం రాస్తాం. అల్లూరి సీతారామరాజు గారిది అయిపోయింది, సావిత్రిబాయి ఫూలే గారిది అయిపోయింది, అబ్దుల్ కలాం గారిది పోయిన నెల వచ్చింది. ఈసారి నా వంతు. నేను యుద్ధం చేసినవాళ్ల గురించి రాయడం లేదు. ఐసుగడ్డలు అమ్మిన ఒకాయన గురించి రాస్తున్నాను. ఎవరూ నవ్వొద్దు. ఆయన్ని చూసి వాళ్ల ఊరు ఊరంతా నవ్వింది. చివరికి ఎవరు గెలిచారో కింద రాశాను.

ఈయన్నే ఎందుకు ఎంచుకున్నానంటే, మాది కృష్ణపట్నం దగ్గర. ఐసు ఉంటే ఏమవుతుందో, లేకపోతే ఏమవుతుందో మా ఇంట్లో చూశాను. సైన్సు మేడం గుప్తోష్ణం పాఠం చెప్పేటప్పుడు ఈయన పేరు చెప్పింది. అప్పటినుంచి మేడంని అడిగి అడిగి తెలుసుకుని రాశాను.

పుట్టుక, బాల్యం

ఫ్రెడరిక్ ట్యూడర్ 1783వ సంవత్సరం సెప్టెంబరు 4వ తేదీన అమెరికా దేశంలోని బోస్టన్ నగరంలో జన్మించాడు. తండ్రి పేరు విలియం ట్యూడర్. ఆయన పేరుమోసిన లాయరు. బాగా ఉన్నవాళ్లు. అన్నదమ్ములు హార్వర్డ్ అనే పెద్ద కాలేజీలో చదువుకున్నారు. ఫ్రెడరిక్ మాత్రం 13 ఏళ్లకే బడి మానేసినాడు. మనం సీటు వస్తే చాలు అని దణ్ణం పెట్టుకుని వచ్చాం. ఆయన సీటు ఉండి కూడా వద్దన్నాడు. ఈ ఒక్క విషయంలో ఆయన్ని చూసి నేర్చుకోవద్దు.

బోస్టన్‌లో చలికాలం మన చలికాలం లాంటిది కాదు. చెరువులు గడ్డకట్టుకుని పోతాయి. మనుషులు, గుర్రాలు కూడా పైన నడుస్తాయి. చెరువంతా గడ్డ అయితే చేపలు చచ్చిపోవా అని నేను మేడంని అడిగాను. చావవంట. ఎందుకంటే నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటాయి. ఆ నీళ్లు అడుక్కి పోతాయి. ఇంకా చల్లబడిన నీళ్లు తేలికై పైకి వచ్చి పైనే గడ్డ కడతాయి. ఐసు నీళ్లకన్నా తేలిక కాబట్టి తేలుతూనే ఉంటుంది. అది మూత పెట్టినట్టు ఉండి కింద నీళ్లను కాపాడుతుంది. ఆ కింద నీళ్లలో చేపలు బతుకుతాయి. ఐసు మునిగేదే అయితే చెరువు అడుగునుంచి పైదాకా గడ్డకట్టుకుని పోయేది.

బోస్టన్ చుట్టుపక్కల ఉన్నవాళ్లు చలికాలంలో ఆ గడ్డలు కోసి, ఒక చీకటి కొట్టులో దాచుకుని, ఎండాకాలంలో వాడుకునేవాళ్లు. ట్యూడర్ వాళ్ల తోటలో కూడా అట్లాంటి చెరువు, కొట్టు ఉండేవి.

1801లో ఫ్రెడరిక్ జబ్బుగా ఉన్న తన అన్నను తీసుకుని క్యూబా దీవిలో హవానా అనే ఊరికి పోయినాడు. అది మన ఊరి మాదిరి వేడి, ఉక్క ఉన్న చోటు. చల్లటి నీళ్లు కూడా దొరకవు. అన్నకు తగ్గలేదు. 1802లో చనిపోయాడు. అప్పుడు ఫ్రెడరిక్‌కు 18 ఏళ్లు. మా ఇంటి దగ్గర ఐసు ఊరికే పడి ఉంది, ఇక్కడ మనుషులు వేడికి అల్లాడుతున్నారు అన్న సంగతి ఆయన ఆ ప్రయాణంలో కళ్లారా చూశాడు.

మొదటి ఓడ

1805లో ఫ్రెడరిక్, ఇంకో అన్న విలియం కలిసి ఒక ఆలోచన చేశారు. చెరువులోని ఐసును ఓడలో ఎక్కించి వేడి దేశాలకు తీసుకుపోయి అమ్మాలని. విన్నవాళ్లందరూ నవ్వినారు. ఒక్క ఓడ యజమాని కూడా ఐసు ఎక్కించుకోవడానికి ఒప్పుకోలేదు. అది దారిలో కరిగి ఓడ నిండా నీళ్లు నిండితే ఎట్లా అని భయం. అప్పుడు ఫ్రెడరిక్ తానే ఒక ఓడ కొన్నాడు. దాని పేరు ఫేవరెట్. 1806 ఫిబ్రవరిలో 130 టన్నుల ఐసుతో బయలుదేరాడు. బోస్టన్ పత్రికలో వెటకారంగా రాశారు. అప్పుడు ఆయన వయసు 22.

మూడు వారాలకు పైగా ప్రయాణం చేసి మార్టినిక్ అనే దీవికి చేరాడు. ఐసు చాలావరకు కరగకుండా చేరింది. గెలిచాడు అనుకున్నారా? లేదు. అక్కడ ఐసు దాచే కొట్టు లేదు. జనానికి ఐసంటే ఏమిటో తెలియదు. ఒకాయన గడ్డ కొని మిట్టమధ్యాహ్నం ఎండలో మోసుకుపోయి వాకిట్లో పళ్లెంలో పెట్టి కరిగిపోయిందని గొడవ చేశాడు. ఇంకొకాయన నీళ్ల తొట్టిలో వేశాడు. ఇంకొకరు ఉప్పులో పెట్టారు. చేపకు ఉప్పు వేస్తే నిలవ ఉంటుంది కదా, ఐసుకు కూడా అంతే అనుకుని ఉంటారు. కానీ ఉప్పు తగిలితే ఐసు తొందరగా కరుగుతుంది.

ఫ్రెడరిక్ అక్కడే ఐస్‌క్రీం చేయించి చూపించాడు. జనం ఆశ్చర్యపోయారు, తిన్నారు. అయినా ఓడలో ఐసు కరుగుతానే ఉంది. వేల డాలర్లు నష్టం వచ్చింది.

జైలు

1807లో హవానాకు ఐసు పంపాడు. ఆ సంవత్సరం చివర్లోనే అమెరికా ప్రభుత్వం ఓడలు బయటి దేశాలకు పోకూడదని చట్టం చేసింది. వ్యాపారం ఆగిపోయింది. వాళ్ల నాన్న కూడా భూముల వ్యాపారంలో ఆస్తి పోగొట్టుకున్నాడు. ఆ కాలంలో అప్పు తీర్చకపోతే జైల్లో పెట్టేవాళ్లు. 1809కీ 1813కీ మధ్య ఫ్రెడరిక్‌ను అప్పు కోసం పట్టుకుని జైల్లో పెట్టారు. బయటికి వచ్చి మళ్లీ అప్పు చేసి మళ్లీ ఐసే ఎక్కించాడు. 1815లో పోలీసులు వెతుకుతుంటే తప్పించుకుని హవానాకు ఓడ ఎక్కాడు.

ఇక్కడిదాకా చదివి ఆయనకు పిచ్చి అనుకోవచ్చు. కానీ ఆయన ఊరికే మొండిపట్టు పట్టలేదు. ఎక్కడ తప్పు జరుగుతోందో ప్రతిసారీ డైరీలో రాసుకునేవాడు.

ఐసు ఎందుకు కరుగుతుంది, ఎట్లా ఆగుతుంది

హవానాలో ఆయన రెండు గోడల కొట్టు కట్టించాడు. గోడకూ గోడకూ మధ్య ఒకసారి గడ్డి, ఒకసారి చెక్క పేళ్లు, ఒకసారి రంపపు పొట్టు, ఒకసారి వరి ఊక, ఇట్లా రకరకాలు పెట్టి చూశాడు. కరిగి కారే నీళ్లను కొలిచేవాడు. తలుపు ఎన్నిసార్లు తీస్తే ఎన్ని నీళ్లు ఎక్కువ వస్తున్నాయో కూడా చూసేవాడు.

వరి ఊక అని చదవగానే నాకు సంతోషం అయింది. మన నెల్లూరు జిల్లాలో ఊకకు కొదవా? మిల్లుల దగ్గర గుట్టలు గుట్టలుగా పడి ఉంటుంది.

ఆయన తెలుసుకున్న సంగతులు నాలుగు. మన సైన్సు పుస్తకంతో కలిపి రాస్తున్నాను.

ఒకటి. ఐసు 0 డిగ్రీలకు రాగానే టక్కున కరిగిపోదు. 1 కిలో ఐసు కరగాలంటే 80 కిలో కేలరీల వేడి తాగాలి. అంత వేడితో 1 కిలో చల్లటి నీళ్లను 0 నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. ఇంత వేడి తాగినా ఐసు వేడెక్కదు, 0 డిగ్రీల్లోనే ఉంటుంది. ఆ వేడి కనపడకుండా దాక్కుంటుంది కాబట్టి గుప్తోష్ణం అన్నారు. దీన్ని స్కాట్లాండ్ దేశపు జోసెఫ్ బ్లాక్ అనే శాస్త్రవేత్త 1760 ప్రాంతంలో కనిపెట్టాడు. ట్యూడర్ ఐసు సముద్రాలు దాటిందంటే ఈ గుణం వల్లనే.

రెండు. ఐసును నిలబెట్టేది చల్లదనం కాదు, బయటి వేడిని లోపలికి రానివ్వకపోవడం. కదలకుండా ఉన్న గాలి గుండా వేడి చాలా నిదానంగా పోతుంది. ఊకలో, పొట్టులో సందు సందుకూ గాలి చిక్కుకుని కదలకుండా ఉంటుంది. అదే కాపలా. గాలి కదిలితే మాత్రం కాపలా పోయినట్టే.

మూడు. గడ్డ ఎంత పెద్దదైతే అంత ఎక్కువసేపు ఉంటుంది. లెక్క చేసి చూడండి. 1 అడుగు పొడుగు, వెడల్పు, ఎత్తు ఉన్న గడ్డకు బయటి ముఖాలన్నీ కలిపి 6 చదరపు అడుగులు. దాన్ని 8 సమాన గడ్డలుగా కోస్తే ముఖాలన్నీ కలిపి 12 చదరపు అడుగులు అవుతాయి. అంటే వేడి వచ్చే వాకిళ్లు రెండింతలు. అందుకే గడ్డలను సందు లేకుండా ఒకదానికొకటి ఆనించి ఒకే కొండ మాదిరి పేర్చాలి.

నాలుగు. కరిగిన నీళ్లు పోయేదానికి దారి ఉండాలి. ఊక తడిస్తే సందుల్లో గాలి పోయి నీళ్లు నిండుతాయి. కదలని గాలి కన్నా నీళ్ల గుండా వేడి బాగా వస్తుంది. తడిసిన ఊక కాపలా కాయదు.

ఇంకో తెలివి కూడా ఆయనకు ఉంది. చెరువులో ఐసు ఊరికే వస్తుంది. రంపం మిల్లుల్లో పొట్టు ఊరికే పారబోస్తారు. బోస్టన్ నుంచి దక్షిణానికి పోయే ఓడలు సరుకు లేక బరువు కోసం రాళ్లు నింపుకుని పోయేవి. ఎవరికీ అక్కరలేని మూడింటిని కలిపి ఆయన వ్యాపారం చేశాడు.

గుర్రపు నాగలి

1825లో నథానియెల్ వైత్ అనే ఆయన గుర్రంతో లాగించే ఐసు నాగలి తయారుచేశాడు. అది చెరువు మీద గళ్ల నోటుపుస్తకంలాగా గీతలు కోస్తుంది. గడ్డలన్నీ ఒకే కొలతలో వస్తాయి. ఒకే కొలత కాబట్టి సందులేకుండా పేర్చవచ్చు. దీంతో పని మూడింతలు అయింది. అయితే ఆ చెరువు మీద గడ్డకట్టే చలిలో నిలబడి కోసింది, మోసింది కూలివాళ్లు. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

కలకత్తా

1833 మే నెలలో టస్కనీ అనే ఓడ 180 టన్నుల ఐసుతో బోస్టన్ నుంచి కలకత్తాకు బయలుదేరింది. నాలుగు నెలల ప్రయాణం. ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాలి. భూమధ్యరేఖను రెండుసార్లు దాటాలి. సెప్టెంబరులో కలకత్తా చేరేసరికి సుమారు 100 టన్నులు మిగిలింది. ఎండ మండే దారిలో నాలుగు నెలలు వచ్చినా సగానికన్నా ఎక్కువే మిగిలిందంటే చూడండి. ప్రభుత్వం సుంకం తీసేసింది. ఎండ తగలకుండా రాత్రిపూట దించుకోవడానికి అనుమతి ఇచ్చింది. ఊళ్లో ఇంగ్లీషువాళ్లు చందాలు వేసుకుని ఐసు కొట్టు కట్టించారు. తర్వాత తర్వాత ఐసుతోపాటు ఆపిల్ పళ్లు, వెన్న కూడా చెడకుండా వచ్చేవి.

అంతకుముందు మన దేశంలో ఐసు లేదా అంటే ఉంది. అలహాబాదు వైపు చలికాలం రాత్రుల్లో గడ్డి పరిచి, దాని మీద వెడల్పు మట్టి మూకుళ్లలో కొంచెం కొంచెం నీళ్లు పోసి పెట్టేవాళ్లు. మబ్బులేని రాత్రి నీళ్లలో వేడి ఆకాశానికి పోతుంది. కింద గడ్డి ఉంది కాబట్టి నేల వేడి పైకి రాదు. తెల్లారేసరికి పల్చగా ఐసు కట్టేది. మనవాళ్లకు కూడా ఈ విద్య తెలుసన్నమాట.

మళ్లీ అప్పు

ఇంత గెలిచినా ట్యూడర్ ఇంకో తప్పు చేశాడు. కాఫీ గింజల ధర పెరుగుతుందని పందెం కాసినట్టు కొన్నాడు. 1834లో ధర పడిపోయింది. 2 లక్షల డాలర్లకు పైగా అప్పు మిగిలింది. ఆ సంవత్సరమే ఆయనకు పెళ్లయింది. అప్పుడు ఆయన వయసు 50. ఆ అప్పును మన దేశానికి, వేరే దేశాలకు ఐసు అమ్మి సుమారు 15 ఏళ్లలో తీర్చాడు. 1864 ఫిబ్రవరి 6వ తేదీన బోస్టన్‌లో 80 ఏళ్ల వయసులో చనిపోయాడు. చనిపోయేనాటికి అందరూ ఆయన్ని ఐసు రాజు అని పిలిచేవాళ్లు.

మద్రాసు ఐస్ హౌస్

ఇప్పుడు మన దగ్గరికి వస్తున్నాను. అప్పుడు నెల్లూరు జిల్లా కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. ట్యూడర్ కంపెనీ 1842లో మద్రాసు సముద్రం ఒడ్డున గుండ్రటి పెద్ద మేడ ఒకటి కట్టించింది. అదే ఐస్ హౌస్. అప్పటికి మద్రాసులో ఓడలు నిలబడే రేవు కట్టలేదు. ఓడ దూరంగా లోతులో నిలబడేది. సరుకు మసూలా పడవల మీద అలలు దాటి రావాలి. మసూలా పడవ అంటే మేకులు కొట్టకుండా పలకలను తాళ్లతో కుట్టిన పడవ. అల కొడితే విరగదు, వంగుతుంది. అట్లా బోస్టన్ చెరువు గడ్డ మన తీరానికి వచ్చింది.

బోస్టన్ దగ్గర వాల్డెన్ అనే చెరువు ఉంది. 1846-47 చలికాలంలో అక్కడ కూడా ట్యూడర్ మనుషులు ఐసు కోశారు. ఆ చెరువు ఒడ్డున గుడిసె వేసుకుని ఉన్న థోరో అనే రచయిత అది చూశాడు. తన చెరువు నీళ్లను మద్రాసు, కలకత్తా మనుషులు కూడా తాగుతున్నారని ఆలోచించి వాల్డెన్ అనే పుస్తకంలో రాశాడు.

1870ల తర్వాత మిషన్లతో ఐసు చేయడం మన దేశంలోకి వచ్చింది. ఓడల ఐసు ఆగిపోయింది. ఐస్ హౌస్‌ను ఒక లాయరు కొన్నాడు. 1897 ఫిబ్రవరిలో స్వామి వివేకానంద అందులో దిగారు. ఆ తర్వాత సిస్టర్ సుబ్బలక్ష్మి గారు ఆ మేడలో ఆడపిల్లలకు హాస్టలు నడిపారు. ఆమె చిన్నప్పుడే భర్త చనిపోయినా చదువుకుని 1911లో బి.ఏ. పాసయ్యారు. తనలాగే చిన్న వయసులో భర్త పోయిన పిల్లలను తీసుకొచ్చి చదివించారు. అంటే ఐసు కొట్టు మన హాస్టలు మాదిరి ఒక హాస్టలు అయింది. ఇప్పుడు దాని పేరు వివేకానందర్ ఇల్లం. చెన్నైలో ఉంది. మన స్కూలు వాళ్లు ఈసారి టూరు పెడితే అది చూపించమని వార్డెన్ మేడం గారిని కోరుతున్నాను.

ఆయనలో మంచి, చెడు

ట్యూడర్ ఓర్పు గొప్పది. కానీ నేను అన్నీ రాయాలి. ఇంకొక వ్యాపారి ఎవరైనా ఐసు తెస్తే, ట్యూడర్ తన ఐసును చాలా తక్కువ ధరకు అమ్మేవాడు. అవతలివాడి దగ్గర దాచుకునే కొట్టు ఉండదు. వాడి ఐసు రేవులోనే కరిగిపోయేదాకా ఇట్లా అమ్మి, కరిగినాక ధర పెంచేవాడు. దాచుకునే చోటు ఉన్నవాడు ఆగగలడు. లేనివాడు ఆగలేడు. ఆగగలిగినవాడిదే ధర.

ఇది చదివినప్పుడు నాకు ఐసు రాజు కాదు, మా రేవు దగ్గర షావుకారు గుర్తొచ్చాడు.

మన కృష్ణపట్నం

కృష్ణపట్నం దగ్గర కండలేరు కాలవ సముద్రంలో కలుస్తుంది. బకింగ్‌హాం కాలవ కూడా ఆ పక్కనుంచే మద్రాసు వైపు పోతుంది. 2008లో పెద్ద ఓడరేవు మొదలైంది. పెద్ద ఓడలు వస్తాయి, పోతాయి. మా యానాదులం మాత్రం ఉప్పుటేరులో దిగి రొయ్యలు, ఎండ్రకాయలు పడతాం. మా అమ్మ చేత్తో తడిమి పడుతుంది.

ఎండ్రకాయలు ప్రాణంతోనే అమ్ముతారు కాబట్టి వాటికి ఐసు అక్కరలేదు. తడి గోనెసంచి కప్పితే చాలు. గోనెలో తడి ఆరేటప్పుడు వేడిని తీసుకుపోతుంది, అందుకని లోపల చల్లగా ఉంటుంది. మట్టికుండలో నీళ్లు చల్లబడేది కూడా అందుకే. కానీ మా సముద్రం ఒడ్డున గాలిలోనే తడి ఎక్కువ. ఉక్కపోసిన రోజు గోనె ఆరదు, కుండ కూడా చల్లబడదు.

రొయ్య అట్లా కాదు. పట్టిన కాసేపటికే చెడడం మొదలవుతుంది. తల నల్లబడుతుంది. ఒక ఎండాకాలం మా అమ్మ తెల్లారుజామున దిగి గంప నిండా రొయ్యలు పట్టింది. షావుకారు ఉదయం వచ్చి చూసి ధర చెప్పకుండా పోయినాడు. మళ్లీ పది గంటలకు వచ్చి పోయినాడు. మధ్యాహ్నం రొయ్యల తలలు నల్లబడినాక వచ్చి సగం ధర ఇచ్చాడు. ఆయన తొందరపడలేదు. ఆయన దగ్గర ఐసు పెట్టె ఉంది, మా దగ్గర లేదు. ఆ డబ్బులతో నాకు కొనాల్సిన చెప్పులు కొనలేదు. అప్పుడు నాకు ఆయన మీద కోపం మాత్రం వచ్చింది, సంగతి అర్థం కాలేదు. ఈ పాఠం విన్నాక అర్థమైంది.

ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీల్లో ఐసు ఎట్లా చేస్తారంటే, పెద్ద తొట్టిలో ఉప్పు నీళ్లు ఉంటాయి. అమ్మోనియా ఆవిరై ఆ నీళ్ల వేడిని లాగేస్తుంది. ఉప్పు నీళ్లు 0 డిగ్రీల కిందికి పోయినా గడ్డకట్టవు. అందులో మంచినీళ్లు పోసిన డబ్బాలు దించితే డబ్బాలో నీళ్లు గడ్డకడతాయి. గడ్డ బయటినుంచి లోపలికి కడుతుంది. నీళ్లలోని గాలి నడిమధ్యకు నెట్టబడి అక్కడే చిక్కుకుంటుంది. అందుకే ఫ్యాక్టరీ గడ్డ అంచులు అద్దం మాదిరి, మధ్యలో పాలలాగా తెల్లగా ఉంటుంది.

దసరా సెలవులకు పోయినప్పుడు నేను ట్యూడర్ మాదిరి చేసి చూశాను. పగిలిన థర్మాకోలు పెట్టె ఒకటి, దానికన్నా పెద్ద చెక్కపెట్టె ఒకటి తీసుకున్నా. రెండింటి మధ్య ఎండిన ఊక కూరినా. లోపల పావు గడ్డ ఐసు, రొయ్యలు పెట్టి పైన గోనెసంచి కప్పినా. మొదటిసారి చెడింది. నీళ్లు పోయేదానికి దారి పెట్టలేదు, పగులులోనుంచి కారి ఊకంతా తడిసిపోయింది. తెల్లారేసరికి ఐసు మిగల్లేదు. మా నాయన నవ్వినాడు. రెండోసారి పగులుకు మైనం పూసి, అడుగున బొక్క పెట్టి సన్న గొట్టం దూర్చినా. కొత్త ఊక వేసినా. తెల్లారి చూస్తే ఐసు ఇంకా ఉంది. రొయ్య తల నల్లబడలేదు.

ఆరోజు షావుకారు వచ్చి చూసి ఎప్పటి మాదిరి వెళ్లిపోబోయినాడు. మా అమ్మ ఆయన్ని పిలవలేదు. మూత వేసి, పెట్టె ఎత్తుకుని మొదటి బస్సుకు నెల్లూరు పోయింది. మంచి ధరే వచ్చింది. అన్ని రోజులూ ఇట్లా కుదరదు. ఐసు కొనాలి, బస్సు చార్జీ పెట్టాలి. తక్కువ సరుకు ఉన్నరోజు గిట్టదు. కానీ ఆగగలం అని షావుకారుకు తెలిసింది. ఇప్పుడు పొద్దున్నే ధర చెప్తున్నాడంట.

మీరే చేసి చూడండి

పోయిన ఆదివారం సైన్సు మేడం ఐసు తెప్పించి మాతో చేయించింది. అరకిలో గడ్డలు మూడు తీసుకున్నాం. ఒకటి ఫ్యాను కింద పళ్లెంలో, ఒకటి కంబళిలో చుట్టి, ఒకటి ఊక నింపిన కుండలో పెట్టాం. కుండకు అడుగున బొక్క ఉంది. కంబళి కప్పుకుంటే మనకు వేడిగా ఉంటుంది కదా, కంబళిలో ఐసే ముందు కరుగుతుందని సగం మంది పందెం కాశారు. వాళ్లందరూ ఓడిపోయారు. ఫ్యాను కిందది మధ్యాహ్నం భోజనం గంట కొట్టేలోపే నీళ్లయింది. కంబళిలోది, ఊకలోది సాయంత్రం ప్రేయరు దాకా ఉన్నాయి.

కంబళి వేడి పుట్టించదు. మన ఒంట్లో వేడిని బయటికి పోనివ్వదు. ఐసు మీద కప్పితే బయటి వేడిని లోపలికి రానివ్వదు. ఫ్యాను కూడా గాలిని చల్లగా చేయదు. మన చెమట ఆరబెడుతుంది కాబట్టి మనకు చల్లగా ఉంటుంది. ఐసుకు మాత్రం వేడి గాలిని కొత్తకొత్తగా తెచ్చి తగిలిస్తుంది.

గమనిక: చేపలకు, రొయ్యలకు ఊక తగలకూడదు. ఊక పెట్టె బయటే ఉండాలి. ఐసు మాత్రమే సరుకుకు తగలాలి.

నీతి

ట్యూడర్ జీవితం వల్ల మనం తెలుసుకోవలసింది ఏమిటంటే, నవ్వినా, నష్టం వచ్చినా, ఎక్కడ తప్పు జరిగిందో రాసుకుని మళ్లీ చేయాలి. ఇంకొకటి కూడా ఉంది. ఆయన తన కొట్టుతో అవతలివాళ్లను కరిగించాడు. మనం పదిమందిమి కలిసి ఒక పెట్టె పెట్టుకుంటే ఎవరి సరుకూ కరగదు. మన హాస్టల్లో సముద్రం పక్క ఊళ్లవాళ్లు చాలామంది ఉన్నారు. సంక్రాంతి సెలవులకు పోయినప్పుడు మీ ఇళ్లల్లో ఈ పెట్టె చేసి చూపించండి. బొక్క పెట్టడం మరిచిపోవద్దు.

మా అమ్మకు చదవడం రాదు. వచ్చే రెండో ఆదివారం నన్ను చూసేదానికి వస్తుంది. ఈ కాగితం అప్పటిదాకా చింపకుండా ఉంచమని అందరినీ కోరుతున్నాను. గోడ దగ్గర నిలబెట్టి నేనే చదివి వినిపిస్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని